నల్లపిల్లికి ఇంటి నంబరు

సూరంపూడి పురపాలక సంఘ కార్యాలయానికి రెండు ద్వారాలున్నాయి. తూర్పున ఉన్నది సింహద్వారం. దానికి మామిడి తోరణం, పైన వేలాడే బూడిదగుమ్మడికాయ, శుక్రవారం శుక్రవారం పసుపు పూసి బొట్లు పెట్టే గడప, ‘ప్రజాసేవయే మా పరమావధి’ అనే పెద్దక్షరాలు. పడమట ఉన్నది దొడ్డిదారి. చెత్త రిక్షాలు, పగిలిన వీధిదీపాలు, పదవి దిగిపోయిన చైర్మన్ల ఫొటోలు అటువైపు విశ్రాంతి తీసుకుంటూ ఉంటాయి. ప్రజలు పన్నులు పట్టుకుని తూర్పు ద్వారాన లోపలికి వస్తారు. ఆ పన్నులు ఏ ద్వారాన బయటికి పోతాయో మాత్రం ద్వారపాలకులకు కూడా తెలియదు.

దొడ్డిదారిని నియమంగా వాడే ప్రాణులు రెండే. ఒకరు జనరల్ సెక్షన్ సూపరింటెండెంటు హైమవతి గారు. రెండోది సిరా అనే నల్లపిల్లి.

హైమవతి భర్త ఆ ఆఫీసులోనే బిల్ కలెక్టరుగా చేస్తూ పోయాడు. కారుణ్య నియామకం కింద ఆమెకు ఉద్యోగం వచ్చింది. చేరిన వారంలోనే, అప్పటి కమిషనరు ఒక దావా విషయమై కోర్టుకు బయలుదేరుతూ మెట్ల మీద ఆమెకు ఎదురుపడ్డాడు. దావా పోయింది. ఆ రోజు పురపాలక సంఘం వకీలు కోర్టుకే రాలేదన్న మాట వాస్తవమే గాని, వకీళ్ళ గైర్హాజరు శకునశాస్త్రంలో ఎక్కడా చెప్పబడలేదు. వితంతువు ఎదురురావడం చెప్పబడింది. నాటి నుంచి, పై అధికారులు శుభకార్యానికి బయలుదేరే వేళ హైమవతి గారు తూర్పు వైపు కనిపించరాదని ఒక ఏర్పాటు జరిగింది. దీనికి లిఖితపూర్వకమైన ఉత్తర్వు లేదు. లేదు కనుకనే పదహారేళ్ళుగా చెక్కుచెదరకుండా అమలవుతోంది. ఆ ఆఫీసులో కాగితం మీద పెట్టిన ఉత్తర్వు ఒక్కటీ అంతకాలం బతకలేదు. కమిషనర్లు మారినప్పుడల్లా జీపు తాళాలతో పాటు ఈ ఆచారాన్ని కూడా చార్జిలో అప్పగించేవారు. పై అధికారులకు శుభకార్యం లేని రోజంటూ సాధారణంగా ఉండదు గనక, హైమవతికి దొడ్డిదారే దారి అయింది.

ఇందులో చిన్న ఇబ్బంది ఉంది. ఆమె నివసించే మునిసిపల్ క్వార్టరు సింహద్వారానికి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకు అవతల ఉంది. ఆఫీసు మెట్ల మీద నిలబడి దగ్గితే ఆమె వంటింట్లో వినిపిస్తుంది. ఆ ఇంటి నుంచి ఈ ఆఫీసుకు రావడానికి ఆవిడ రోజూ సందులోంచి తిరిగి, చేపల మార్కెట్టు దాటి, ప్రహరీగోడ వెంట ప్రదక్షిణం చేసి, పడమటి నుంచి ప్రవేశించేవారు. ఈ ప్రదక్షిణంవల్ల ఎంతో పుణ్యం జమ అయి ఉండాలి. అది ఏ పద్దు కింద జమ అయిందో ఇంతవరకు తేలలేదు.

సిరా పుట్టింది స్టేషనరీ గదిలో, ఎండిపోయిన సిరాబుడ్ల మధ్య. తోడబుట్టినవి మూడూ తెల్లవి. వారం తిరగకుండా ఒకదాన్ని టౌన్ ప్లానింగు వాళ్ళు, ఒకదాన్ని ట్రెజరీ గుమాస్తా, ఒకదాన్ని ఎదుటి టీకొట్టు ఆసామి ముద్దుగా పట్టుకుపోయారు. నల్లదాన్ని చూసి ‘అమ్మో’ అన్నారు. అటువంటి ‘అమ్మో’ ఒకటి తానూ విని ఉన్నది గనక, హైమవతి తన టిఫిను డబ్బా మూతలో పాలు పోసింది. అప్పటినుంచి సాయంత్రం ఆఫీసు కట్టే వేళకు పిల్లి వచ్చి ఆమె కుర్చీకోడుకు వీపు రాసేది. ఇంటికి తీసుకుపోదామని ఆమెకు ప్రాణం కొట్టుకునేది. ఆ ఇంట్లో రాత్రిపూట ఫ్యాను తప్ప మాట్లాడేవాళ్ళు లేరు. కాని క్వార్టర్లలో జంతువును ఉంచుకోవాలంటే కమిషనరు అనుమతి కావాలి. రెండుసార్లు అర్జీ పెట్టుకుంది. రెండుసార్లూ ‘పరిశీలనలో ఉన్నది’ అని జవాబు వచ్చింది. ఆ అర్జీకి జవాబు రాసే ఉద్యోగం కూడా ఆమెదే కావడంవల్ల, ఆ వాక్యాన్ని రెండుసార్లూ ఆమే టైపు చేసుకోవలసి వచ్చింది.

ఇలా ఉండగా సంతపేట నీళ్ళట్యాంకు పూర్తయింది.

కమిషనరు పరాంకుశం గారు పంచాంగం చూడనిదే ఫైలు తెరవని నిష్ఠాపరులు. వైశాఖ శుద్ధంలో దివ్యమైన ముహూర్తం పెట్టించి, పట్టు ఉత్తరీయం వేసుకుని జీపెక్కబోతూ ఉండగా, పాలకోసం పోతున్న సిరా జీపుకు ముందుగా ఎడమనుంచి కుడికి దాటింది. కమిషనరు వెనక్కి తిరిగి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరారు. ట్యాంకు దగ్గర సన్నాయి మోగింది. కొబ్బరికాయ పగిలింది. చక్రం తిప్పారు. కుళాయిల్లో తప్ప అన్నిచోట్లా నీళ్ళు వచ్చాయి.

విచారణ సంఘం ఏర్పడింది. ట్యాంకు కట్టడాన్ని ఆద్యంతం పర్యవేక్షించినవారు కావడంవల్ల ఇంజనీరు దివాకరం గారు అధ్యక్షులయ్యారు. ట్యాంకు గురించి ఆయనకన్నా ఎక్కువ తెలిసినవాడు కావడంవల్ల కాంట్రాక్టరు కోదండం సభ్యుడయ్యాడు. సంఘం తన నివేదికను ఇలా సమర్పించింది:

“సకల సాంకేతికాంశాలను సాకల్యంగా పర్యాలోచించిన మీదట, సదరు ట్యాంకు నిర్మాణమందు వాడిన ఇసుక, సిమెంటు, ఇనుము నిర్దోషములనియు, ప్రారంభోత్సవ సమయమున సంభవించిన మార్జాల సంచారమే ఈ స్రావమునకు ఏకైక హేతువనియు ఈ సంఘము ఏకగ్రీవముగా అభిప్రాయపడుచున్నది. సదరు మార్జాలమును గోనెసంచిలో వేసి ఏటి అవతలికి పంపివేయుట శ్రేయస్కరము.”

ఫైలు హైమవతి బల్ల మీదికి వచ్చింది. చదువుతూ ఉండగా ముద్దాయి ఆమె పాదాల మీద పడుకుని గుర్రుపెడుతోంది. ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని, ఒక నోటు రాసింది: ‘ఆరోపణ తీవ్రమైనది. సహజ న్యాయసూత్రాల ప్రకారం, సంజాయిషీ నోటీసు ఇచ్చి, గడువు ముగిసేవరకు ముద్దాయిని పరిధి దాటించరాదేమో, ఆదేశింప ప్రార్థన.’

పరాంకుశం గారికి మనుషుల విషయంలో తప్ప సహజ న్యాయమంటే మహా గౌరవం. ‘అట్లే’ అని సంతకం చేశారు. అటెండరు ఏసోబు నోటీసు పట్టుకుని సైకిల్ స్టాండు దగ్గరికి వెళ్ళి, ఎండలో వెల్లకిలా పడుకున్న సిరాకు గట్టిగా చదివి వినిపించి, పక్క గోడకు అంటించి వచ్చాడు.

“ఏమంది?” అన్నారు ఇంజనీరు దివాకరం.

“ఆవలించిందండి.”

“రాసుకోండి. ఆరోపణలను ఖండించలేదు.”

ఏసోబు హైమవతి బల్ల దగ్గర ఆగి గొంతు తగ్గించాడు. “మా ఇంట్లో ఇలాంటివి మూడున్నాయమ్మా, నల్లగా, నిగనిగలాడతా. పొద్దున లేస్తే ముందు ఆటి మొకమే చూత్తాను. ఆటివల్ల నాకేవన్నా అయ్యిందంటారా?”

“అటెండరువయ్యావు గదా ఏసోబూ,” అంది హైమవతి.

ఏసోబు నవ్వుతూ పోయాడు గాని ఆమెకు నవ్వు రాలేదు. గడువు ముగిసేలోగా ఏదో ఒక దారి దొరక్కపోతుందా అని ఎదురుచూస్తోంది. దారి దొరికింది. కాని అది ఆమె అనుకున్న దిక్కున కాదు.

ఈ నివేదిక చదివినప్పటినుంచి కమిషనరుకు ఒక మహత్తర యోచన తగులుకుంది. ఒక్క పిల్లివల్ల ఒక్క ట్యాంకు కారితే, ఇన్ని పిల్లుల వల్ల ఎన్ని పనులు పాడవుతున్నాయో ఎవరు గమనించారు? శకునాల నుంచి ప్రజాధనాన్ని రక్షించవలసిన బాధ్యత ప్రభుత్వానిది కాదా? మర్నాడే సర్క్యులరు వెలువడింది:

“పురపాలకోద్యోగి విధి నిర్వహణార్థము బయలుదేరు వేళ నల్లపిల్లి అడ్డు వచ్చినచో, సదరు ఉద్యోగి తక్షణమే నిలిచి, స్వగృహమునకు మరలి, శీతల జలపానము గావించి, దోష నివృత్తి యగువరకు విశ్రమించవలెను. అట్టి విశ్రాంతి విధి నిర్వహణగానే పరిగణింపబడును.”

మరునాడు మధ్యాహ్నం దాకా ఆఫీసులో హైమవతి, ఏసోబు తప్ప ఎవరూ లేరు. అందరికీ పిల్లి అడ్డొచ్చింది. మొదటి వార్డులోనూ అడ్డొచ్చింది, చివరి వార్డులోనూ అడ్డొచ్చింది. హెల్త్ ఇన్‌స్పెక్టరు బస్సులో వస్తూ ఉంటే బస్సులోపల అడ్డొచ్చింది. అన్నిచోట్లా అది అడ్డు వస్తున్న సమయంలో సిరా సైకిల్ స్టాండులో తోకను నాకుకుంటూ ఉంది. వీధుల్లో పిల్లుల కరువు లేకపోయినా, సూరంపూడి నడిబొడ్డున నిఖార్సయిన నల్లపిల్లి అదొక్కటే.

పనులు కూడా శకునాధీనమయ్యాయి. రోడ్డు గుంటలు పడితే, రోలరుకు పిల్లి అడ్డొచ్చిందన్నారు. కాలువలు పూడితే, పారకు అడ్డొచ్చిందన్నారు. దోమలమందు చల్లలేదేమంటే, దోమలకే అడ్డొచ్చిందేమోనన్నారు. ఇదంతా చూసి ధైర్యం తెచ్చుకున్న ఒక కిరాణావర్తకుడు, పన్ను కట్టడానికి వస్తుంటే తనకు కూడా పిల్లి అడ్డొచ్చిందని విన్నవించుకున్నాడు. కమిషనరు గంభీరంగా తల పంకించారు.

“చూడు నాయనా, శకునాలు పుచ్చుకునేవాడికే గాని ఇచ్చేవాడికి వర్తించవు. కట్టేసి వెళ్ళు.”

అయినా నెల తిరిగేసరికి పరిపాలన స్తంభించింది. స్తంభించడం కొత్త కాదు. కాని ఈసారి స్తంభించినట్టు బయటికి తెలిసిపోయింది. అప్పుడు దివాకరం గారు ఒక సవరణ ప్రతిపాదించారు. లోపం ఆచారంలో లేదు, ఆధారంలో ఉంది. ప్రతి ఉద్యోగీ తనకిష్టమైన పిల్లిని చెప్పుకుంటున్నాడు. కనుక ఇకమీదట ప్రభుత్వం గుర్తించిన పిల్లి దాటితేనే దాటినట్టు. ఆ హోదాకు అర్హత గలది, నేరచరిత్రతో సహా, సిరా ఒక్కతే.

అలా, ఏటి అవతలికి పోవలసిన ముద్దాయి ‘అధీకృత మార్జాలం’ అయింది. మెడలో ఇత్తడి గంట, గంట మీద పురపాలక సంఘ ముద్ర. సంజాయిషీ గడువును నిరవధికంగా పొడిగించారు. హైమవతి ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది.

ఆమె నిద్ర చెడగొట్టిన ఘనత చేపలది. అధికారమున్న చోటికి కానుకలు దారి అడక్కుండా వస్తాయి. పని చేయడం ఇష్టంలేనివాళ్ళు, తమ దారిన దాటమని సిరాకు మెత్తళ్ళు వేయించి పట్టుకొచ్చేవారు. ముహూర్తం తప్పకూడదనుకున్నవాళ్ళు, దాటకుండా పడుకోమని శీలావతి ముక్కలు తెచ్చేవారు. కోదండమైతే రోజు విడిచి రోజు మాగచేప పంపేవాడు. తన ప్రతి పనికీ శంకుస్థాపనరోజునే అది దాటాలనీ, తరవాత ఏం కూలినా ఆ లెక్కలో పోతుందనీ అతని దూరదృష్టి. పరిపాలనా భారం సిరా దేహంలో స్పష్టంగా కనిపించసాగింది. నడక మందగించింది. గంట అరుదుగా మోగేది. అయినా సాయంత్రమయ్యేసరికి, అన్ని చేపలు తిన్న ఆ నోటితోనే వచ్చి, హైమవతి డబ్బామూతలోని చల్లారిన పాలు తాగి, ఆమె పాదాల మీద పడుకునేది. దానికి ఆ పాలతో పని లేదని ఆమెకు తెలుసు. అందుకే ఆ పాలు పొయ్యడం ఆమెకు అంత ఇష్టం.

ట్యాంకుకు అతుకులు వేశారు. మళ్ళీ ప్రారంభించడానికి సాక్షాత్తు మంత్రిగారే దయచేస్తున్నారని కబురు వచ్చింది. దానితో పరాంకుశం గారికి చెమటలు పట్టాయి. అధీకృతమైనా సరే పిల్లి పిల్లే. ఆ రోజు పొద్దున్నే దాన్ని గోనెసంచిలో ఏరు దాటించి, మరి వెనక్కి తేవద్దని ఉత్తర్వు చేశారు.

ముందురోజు సాయంత్రం హైమవతి కమిషనరు గది గుమ్మానికి పక్కగా, లోపలికి కనిపించకుండా గోడవారన నిలబడింది. ఆ గదితో ఆమె మాట్లాడే పద్ధతి అదే.

“సార్, నా అర్జీ ఇంకా పరిశీలనలోనే ఉందండి. ఆ పిల్లిని నాకు ఇప్పించండి. క్వార్టర్లో తలుపేసి ఉంచుకుంటాను. మీ కంట పడదు.”

“హైమవతమ్మగారూ,” అన్నారు లోపలినుంచి, “మీరు అనుభవజ్ఞులు. ప్రభుత్వానికి హాని చేసిన ప్రాణికి ప్రభుత్వ క్వార్టర్లో ఆశ్రయమిస్తే రేపు ఆడిట్టువాళ్ళు నన్ను నిలదీస్తారు.”

“ఏటి అవతల దానికెవరున్నారండీ?”

“ఇవతల మాత్రం ఎవరున్నారు?”

ఆ మాట ఆయన అన్యాపదేశంగా అనలేదు. ఊరికే అన్నారు. అందుకే అది లోతుగా దిగింది. హైమవతి గోడవారనుంచే వెనుదిరిగి, చేపల మార్కెట్టు మీదుగా ఇంటికి పోయింది.

తెల్లవారింది. సింహద్వారం ముందు కార్లు బారులు తీరాయి. సన్నాయివాళ్ళు శ్రుతి చూసుకుంటున్నారు. మంత్రిగారు నేరుగా ట్యాంకు దగ్గరికే వస్తారనీ, ఊరి పొలిమేర దాటారనీ ఫోను వచ్చింది. పరాంకుశం గారు పట్టు ఉత్తరీయం సవరించుకుని, కుర్చీలోంచి కుడికాలు ముందు పెట్టి లేచి, గుమ్మం వైపు చూసి అలాగే నిలబడిపోయారు.

గది గడప మీద సిరా నిద్రపోతోంది. తెల్లవారుజామున ఎవరో భక్తుడు సమర్పించిన మాగచేప మాహాత్మ్యంవల్ల గాఢంగా నిద్రపోతోంది. గడప పొడుగునా పరుచుకుని ఉంది. తల ఒక ద్వారబంధం వైపు, తోక రెండో ద్వారబంధం వైపు.

“దివాకరం! ఇది దాటిందా, దాటలేదా?”

ఇంజనీరు అవతల వరండాలో మోకాళ్ళమీద కూర్చుని, కళ్ళు చిట్లించి, పిల్లిని కొలతవేసినట్టు చూశారు. “సార్, దాటడం ఆరంభమైంది. సమాప్తం కాలేదు. ఆరంభం కాకపోతే మీరు నిరభ్యంతరంగా వెళ్ళవచ్చు. సమాప్తమైతే నీళ్ళు తాగి వెళ్ళవచ్చు. మధ్యస్థ స్థితికి మన సర్క్యులరులో నిబంధన లేదు.”

“ఇప్పుడు పెట్టండి నిబంధన!”

“పెట్టవచ్చు సార్. కాని కౌన్సిలు ఆమోదించాలి. కౌన్సిలు సమావేశం కావాలంటే తమరు అధికారికంగా గది బయటికి రావాలి.”

“ఏసోబూ! సంచి తెచ్చావుగా, తియ్యి దాన్ని!”

ఏసోబు సంచి వీపు వెనక్కి దాచుకున్నాడు. “అయ్యా, నే ముట్టుకుంటే ఇది అటు దూకితే దాటించినవాణ్ణి నేనే. ఇటు దూకితే మీ గదిలోకి తోలినవాణ్ణీ నేనే. రెండిట్లో దేనికి సస్పెండ్ చేత్తారో ముందు సెలవిప్పించండి, అప్పుడు ముట్టుకుంటాను.”

కిటికీకి ఇనుప ఊచలున్నాయి. అవి మాత్రం కోదండం కాంట్రాక్టు కాదు గనక గట్టిగా ఉన్నాయి. ఫోను మోగింది. మంత్రిగారు ట్యాంకు చేరారు. ఎండలో నిలబడ్డారు. కమిషనరు ఎక్కడని అడుగుతున్నారు. పరాంకుశం గారి నుదుటి తిలకం చెమటకు ముక్కుమీదికి ప్రయాణం కట్టింది.

“అది ఆవిడ మాట ఒక్కటే వింటుందండి,” అన్నాడు ఏసోబు, ఎటో చూస్తూ.

ఆవిడ ఎవరో చెప్పనక్కర్లేదు. ముహూర్తం వేళ, కమిషనరుకు ముఖాముఖిగా, పిల్లి అడ్డం ఉండగా, దాని వెనక హైమవతి! ఈ ఘోరకలిని చివరకు దివాకరం గారి గణితజ్ఞానం గట్టెక్కించింది.

“సార్, పిల్లి ఋణసంఖ్య. ఆవిడా, క్షమించాలి, ఋణసంఖ్యే. ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనం వస్తుంది. ఇది లెక్కల్లో నిరూపితం.”

“ఖాయమేనా?”

“ఎనిమిదో తరగతి నుంచీ ఖాయమే సార్.”

ఏసోబు పరుగెత్తాడు. పశ్చిమ ద్వారం దగ్గర, పాత చైర్మన్ల ఫొటోల మధ్య, ఖాళీ డబ్బామూత చేతపట్టుకుని హైమవతి కూర్చుని ఉంది. సంగతి విని లేచింది. వరండా మొదట్లో జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. పదహారేళ్ళలో మొదటిసారి ఆమె కమిషనరు గదికి గోడవారనుంచి కాక, ఎదురుగా వచ్చి నిలబడింది. లోపల ఒక పట్టు ఉత్తరీయం, దాని వెనక భయపడుతున్న మనిషి. ఇంత చిన్నమనిషా ఈయన అనుకుంది.

“త్వరగా తియ్యండమ్మా,” అన్నారు ఆయన, చూపు పక్కకు తిప్పుకుని.

హైమవతి వంగలేదు. “తీస్తానండి. తీసి ఎవరికివ్వాలి? ఏసోబు సంచికా?”

“ఉత్తర్వు అయిపోయింది గదా...”

“అయితే నేను ఉత్తర్వుకు అడ్డు రాను సార్. అడ్డు వచ్చే అలవాటు నాకు మాన్పించారు గదా.” ఆమె గొంతు పెంచలేదు. “ఒక్కమాట అడగనివ్వండి. ఇవాళ ఇంటినుంచి బయల్దేరేటప్పుడు తమకు ఎదురెవరు వచ్చారు?”

“మా అమ్మగారు. పెద్దపని ఏదున్నా ఆవిడే ఎదురు వస్తారు. ఆవిడ ఎదురొస్తే నాకు తిరుగులేదు.”

“నాన్నగారు ఉన్నారా అండీ?”

“కాలంచేసి చాలా ఏళ్ళయింది. ఎందుకు...” పరాంకుశం గారు ఆగారు. వెంటనే కోపం తెచ్చుకున్నారు. “అయితే మాత్రం! ఆవిడ మా ఇంటి మనిషి. ఇంటి మనిషి ఎదురొస్తే దోషమేమిటి?”

సిరా ఒక చెవి కదిలించింది. ఇత్తడి గంట సన్నగా మోగింది.

“మరి దీని దోషం కూడా అదేనండి,” అంది హైమవతి. “రంగు కాదు. ఇల్లు లేకపోవడం. దీనితో పుట్టిన తెల్లవాటికి వారంలో ఇళ్ళు దొరికాయి. ఇది దిక్కులేక రోడ్లు పట్టుకు తిరగబట్టి మీ జీపుకు అడ్డొచ్చింది. దీన్ని నా ఇంటి నంబరు మీద రాసేయండి. అప్పుడు ఇది శకునం కాదు, మా ఇంటి మనిషి. ఇంటి మనిషి గడప మీద పడుకుంటే దాటినట్టూ కాదు, దాటనట్టూ కాదు. పడుకున్నట్టు.”

మళ్ళీ ఫోను మోగింది. నిబంధన దొరకని అధికారికి నిబంధన వంటిది ఏది దొరికినా అమృతమే. పరాంకుశం గారు బల్ల మీద కాగితం లాగి, నిలబడే రాశారు: ‘గృహస్థ మార్జాలమునకు శకునత్వము వర్తించదు. సదరు సిరాను క్వార్టరు నంబరు నాలుగునకు చెందినదిగా పరిగణించి, హైమవతి గారికి దత్తత నిచ్చుచు, నేరుగా స్వగృహమునకు చేర్చుటకు ఆదేశించడమైనది.’ సంతకం, ముద్ర. కాగితం పిల్లి మీదుగా చేతులు మారింది.

అప్పుడు ఆమె వంగి, రెండు చేతులా ఎత్తుకుంది. అది కళ్ళు తెరవకుండానే ఆమె భుజం మీద తల పెట్టింది. పరాంకుశం గారు గడప మీదుగా దూకినంత పని చేశారు.

“ఇక మీరు అటునుంచి వెళ్ళిపోండమ్మా,” అని దివాకరం గారు పడమర చూపించారు, అలవాటుగా.

“నేరుగా అని రాశారండి. మా ఇల్లు ఇటే.”

“అది పిల్లికి! మీ సంగతి వేరు...”

“అమ్మగారు మాత్రం ఎవరింటి మనిషండి?” అన్నాడు ఏసోబు. “పదారేళ్ళ నుంచీ ఈ ఆఫీసులోనే గదా ఉంట. ఈ కప్పు కారితే గిన్నె పెట్టేదీ ఆవిడే.”

దివాకరం గారు కమిషనరు వైపు చూశారు. కమిషనరు తన సంతకం వైపు చూసుకున్నారు. హైమవతి సింహద్వారం గుండా, మామిడి తోరణం కిందుగా, పసుపు గడప దాటి మెట్లు దిగింది. కార్ల డ్రైవర్లు చూస్తూ ఉండగా, సన్నాయివాళ్ళు ఇంకెవరో పెద్దవాళ్ళు వస్తున్నారనుకుని మంగళవాద్యం అందుకున్నారు. రోడ్డు దాటడానికి ఆమెకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఇంత దగ్గరా అనుకుంది.

సిరాను మంచం మీద పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, ఆమె కూడా ట్యాంకు దగ్గరికి వెళ్ళింది. చేరిన నాటినుంచి ఆమె చూసిన మొదటి ప్రారంభోత్సవం అదే. మంత్రిగారు చక్రం తిప్పారు. ట్యాంకు కడుపులో ఏదో గుడగుడలాడింది. అతుకులన్నీ ఒక్కొక్కటే సెలవు తీసుకున్నాయి. పెచ్చులూడి, బూడిదరంగు ధూళి మేఘంలా దిగి, దాని వెనక నీళ్ళు మంత్రిగారి పాదాలు కడిగాయి.

జనమంతా నల్లపిల్లి కోసం నాలుగు దిక్కులా చూశారు. పిల్లి నాలుగో నంబరు క్వార్టర్లో ఉందని సంతకం చేసిన కాగితం ఉంది. కళ్ళు హైమవతి మీదికి తిరిగాయి. పరాంకుశం గారి నోరు తెరుచుకుంది. ఆ కాగితం కింది పేరు గుర్తొచ్చి మూసుకుంది. కారణం లేని ఆ భయంకర క్షణంలో, ప్రభుత్వం నగ్నంగా నిలబడిన ఆ క్షణంలో, ధూళి ముక్కుకెక్కి ఎవరో ఒక్క తుమ్ము తుమ్మారు.

“ఎవరది?” అన్నారు కమిషనరు, ప్రాణం లేచివచ్చినట్టు.

కాంట్రాక్టరు కోదండం చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

విచారణ సంఘం మళ్ళీ కూర్చుంది. ఒంటి తుమ్ము సకల కార్యవినాశకమని శాస్త్రం ఘోషిస్తున్నందునా, అట్టి తుమ్ము మంత్రివర్యుల సమక్షంలో సంభవించినందునా, కోదండాన్ని నల్లజాబితాలో చేర్చి ఇకమీదట ఏ పనీ ఇవ్వరాదని సిఫారసు చేసింది. చక్రం తిప్పిన తరవాత గదా నేను తుమ్మింది అని అతను మొరపెట్టుకుంటే, శకునానికి ముందువెనకలు లేవని తేల్చారు. ఆ తుమ్ము ఎందుకు వచ్చింది, ఆ ధూళి ఎక్కడిది అనే ప్రశ్నలు సంఘం పరిధిలోకి రావు. ఈ విధంగా సూరంపూడి చరిత్రలో తొలిసారి, పూర్తిగా తప్పు కారణానికి పూర్తిగా సరైన మనిషికి శిక్ష పడింది.

ఇల్లున్న పిల్లి శకునం కాదన్న ఉత్తర్వు మాత్రం అమల్లో ఉండిపోయింది. చుట్టుపక్కల వీధుల్లో, పేటల్లో దిక్కులేని నల్లపిల్లి కనిపిస్తే, అడ్డొచ్చేలోగా ఇంటికి తీసుకుపోయి నంబరు వేయించుకోవడం ఉద్యోగులకు విధాయకమైంది. ఏసోబు ఇంటి పిల్లి ఈనితే ముగ్గురు సెక్షను హెడ్లు బుట్టలు పట్టుకుని క్యూ కట్టారు. దివాకరం గారి ఇంటికి చేరిన కూన ఆయన పాత కొలతల పుస్తకాల మీద పడుకుని నిద్రపోతుంటే లేపడానికి మనసొప్పక, ఆయన సెలవు పెట్టడం కూడా జరిగింది. పరాంకుశం గారి తల్లిగారు ఒకదాన్ని తెచ్చుకుని, చీకట్లో కళ్ళు తప్ప ఏమీ కనిపించవురా, దీపాలు పెట్టినట్టుంటుంది అని మురిసిపోతున్నారట.

శ్రావణంలో ఒక ఉదయం. కమిషనరు జీపు సింహద్వారం వైపు మలుపు తిరుగుతూ ఉండగా, ఆఫీసు మెట్ల దాకా హైమవతిని దిగబెట్టిన సిరా, తోక నిటారుగా ఎత్తి, ఎడమనుంచి కుడికి రోడ్డు దాటింది. జీపు కీచుమంటూ ఆగింది.

మెట్ల మీదనుంచి ఏసోబు కేకేశాడు. “మనదేనండి! ఇంటికెళ్తోంది!”

“తెలుసయ్యా,” అన్నారు పరాంకుశం గారు. అని, సీటు పక్కనున్న మరచెంబు తీసి, మూత తిప్పి, గటగటా రెండు గుక్కలు తాగారు.

హైమవతి చూస్తోంది. డ్రైవరూ చూస్తున్నాడు.

“దాహం వేసింది,” అన్నారు ఆయన, గంభీరంగా.

బయట చల్లగా తుంపర పడుతోంది.